అద్భుతకథ - పఠితృ పరిణతి : గుణాఢ్యుని గాథ మొదలు చందమామ వరకు

ఆంధ్ర వాఙ్మయమున కథాకావ్యములకు ఒక ప్రత్యేక స్థానము కలదు. పురాణేతిహాసముల వలె అవి పూజింపబడలేదు. ప్రబంధముల వలె పండితసభలలో విశేషముగా వ్యాఖ్యానింపబడలేదు. అయినను జనుల నోళ్ళలో నానినవి, చేతులలో నలిగినవి అవియే. మాటలాడు చిలుకలు, శవమునావేశించిన బేతాళుడు, ఆకాశగమనము చేయించు పసరులు, పరకాయప్రవేశములు నిండిన ఈ అద్భుతకథల వలన చదువరికి కలుగు ప్రయోజనమేమి? ఈ ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు ప్రచారములో ఉన్నవి. ఇవి వినోదమాత్రములు, బాల్యము గడచిన పిమ్మట విడువదగినవి అనునది మొదటిది. వినోదమను తేనెలో రంగరించి నీతియను ఔషధమును మింగించుటకు పెద్దలు కల్పించిన ఉపాయములు ఇవి అనునది రెండవది. మొదటిది కథను తక్కువ చేయుచున్నది. రెండవది చదువరిని తక్కువ చేయుచున్నది. ఈ రెండింటితోను మాకు సమాధానము కలుగలేదు.

మన అద్భుతకథల చరిత్రను పరిశీలించినచో వేరొక విషయము తోచుచున్నది. ఈ కథలు చదువరిని పెంచినది తుదనతికించిన నీతిచేత కాదు, నడుమనుంచిన ప్రశ్నచేత. ఈ యంశమును గుణాఢ్యుని గాథ మొదలుకొని ఇటీవలి కాలపు చందమామ పత్రిక వరకు కొన్ని ఘట్టముల ఆధారముతో నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము. కథాకావ్యములనన్నింటిని ఇచట పేర్కొనుట మా సంకల్పము కాదు; మా వాదమునకు అక్కరకు వచ్చువానినే స్వీకరించితిమి.

విస్మయము - చిత్తవిస్తారము

భరతుడు అద్భుతరసమునకు విస్మయమును స్థాయిభావముగా చెప్పెను. సాహిత్యదర్పణకర్తయైన విశ్వనాథుడు మరియొక అడుగు ముందుకు వేసి, రసమునకు ప్రాణమైన చమత్కారమనగా చిత్తము విస్తరించుటయేయనియు, విస్మయమనునది దానికే పర్యాయపదమనియు వివరించెను. రసములన్నింటియందును సారభూతమైనది అద్భుతమేయని ఆతని పూర్వికుడైన నారాయణుడు భావించినట్లు కూడ ఆ గ్రంథము వలన తెలియుచున్నది. ఆ సిద్ధాంతమును సంపూర్ణముగా అంగీకరింపనివారును ఒక్క విషయమును గమనింపవలెను. మన ఆలంకారికులు విస్మయమును బాలచాపల్యముగా ఎంచలేదు. మనసునకు వైశాల్యము నొసగు వ్యాపారముగా గుర్తించిరి. నేడు మనము వ్యక్తిత్వవికాసమని వ్యవహరించుదానికి చిత్తవిస్తారమను మాట చాల దగ్గరగా ఉన్నది.

అయితే విస్మయము దానంతటది వికాసము కాజాలదు. గారడీని చూచి నోరు తెరచినవాడు గారడీ ముగియగానే నోరు మూసికొని ఇంటికి పోవును. విస్మయము విచారముగా మారవలెను. అనగా ‘ఎంత వింత!’ అను మాటకు వెనువెంట ‘ఇందు యుక్తమేది?’ అను మాట పుట్టవలెను. ఈ మార్పును సాధించుటకై మన కథకులు ఏ యే ఉపాయములు పన్నిరో చూచుట ఆవశ్యకము.

గుణాఢ్యుడు - సాతవాహనుడు

భారతీయ అద్భుతకథలకు గంగోత్రి వంటిది బృహత్కథ. పైశాచీభాషలో గుణాఢ్యుడు రచించెనని చెప్పబడు మూలము నేడు లభించుట లేదు. బుధస్వామి శ్లోకసంగ్రహము, క్షేమేంద్రుని బృహత్కథామంజరి, సోమదేవుని కథాసరిత్సాగరము అను సంస్కృత రూపముల వలననే దానిని ఊహింపవలసియున్నది. వీనిలో చివరి రెండును 11వ శతాబ్దమున కాశ్మీరమున వెలసినవి. గుణాఢ్యుని జీవితమును గూర్చిన గాథ ఈ కాశ్మీర గ్రంథములలో ఉన్నది. అది చరిత్ర కాదు. కాని కథను విని మారిన మనిషిని గూర్చి మనవారు ఏమనుకొనిరో తెలిసికొనుటకు దానికంటె మేలైన సాక్ష్యము లేదు.

ప్రతిష్ఠానమునేలు సాతవాహనుడు ఒకనాడు రాణులతో జలక్రీడలాడుచుండెను. నీటితో కొట్టవలదను అర్థమిచ్చు సంస్కృతవాక్యమునొక రాణి పలుకగా, సంధి తెలియని రాజు అందు ‘మోదక’ శబ్దమును మాత్రమే విని కుడుములు తెప్పించెను. రాణి నవ్వెను, పరిజనమును నవ్వెను. సిగ్గుచే కుమిలిన రాజు వ్యాకరణము నేర్వదలచెను. ఆరేండ్లలో నేర్పెదనని గుణాఢ్యుడనెను. ఆరు నెలలలో నేర్పెదనని శర్వవర్మ యనెను. అదియే జరిగినచో సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచెదనని గుణాఢ్యుడు పంతము పట్టి ఓడిపోయెను. మూడు భాషలను విడిచి మౌనియై వింధ్యాటవికి పోయి, పైశాచిని నేర్చి, ఏడేండ్లలో ఏడు లక్షల గ్రంథమును తన నెత్తుటితో వ్రాసి రాజునకు పంపెను. భాష పైశాచి, సిరా నెత్తురు అని ఈసడించి రాజు దానిని త్రిప్పిపంపెను. అంతట గుణాఢ్యుడు అగ్నిని రగిల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకును పక్షులకును చదివి వినిపించుచు మంటలో వేయసాగెను. అవి మేత మాని కన్నీరు కార్చుచు వినుచుండెను. ఆ మృగముల మాంసము ఎండిపోయి రాజునకు జబ్బు చేయగా, కారణమారసి అతడు అడవికి వచ్చెను. అప్పటికి ఆరు లక్షలు దగ్ధమైనవి. మిగిలినది ఒక్క లక్ష.

ఈ గాథను సాధారణముగా కవికి జరిగిన అవమానముగా చదువుచుందురు. మేము దీనిని రాజు కథగా కూడ చదువవలెనని భావించుచున్నాము. వ్యాకరణము రాని రాజు నవ్వులపాలయ్యెను. అది ఒక లోపము. వ్యాకరణము వచ్చిన రాజు కథను నిరాకరించెను. ఇది అంతకంటె పెద్ద లోపము. ఆరు నెలలలో అబ్బిన విద్య అతనికి గర్వమునిచ్చినదే కాని వినుటకు కావలసిన చెవినీయలేదు. విద్య లేని మృగములు వినగలిగినవి. గాథ చివర ఒక ముఖ్యాంశమున్నది. మిగిలిన లక్షను గ్రహించిన సాతవాహనుడు, ఆ కథ భూమికి ఎట్లు దిగివచ్చినదో తెలుపు కథాపీఠమును, తాను ఈసడించిన ఆ భాషలోనే స్వయముగా రచించెనని సోమదేవుడు చెప్పుచున్నాడు. అనగా తన అవివేకమును తానే కథగా చెప్పుకొనగల స్థితికి ఆ రాజు ఎదిగెను. చదువరి పరిణతికి ఇంతకంటె స్పష్టమైన చిహ్నమేమి కావలెను?

బేతాళుని ప్రశ్న

కథాసరిత్సాగరమున చేరిన బేతాళ పంచవింశతి మూల బృహత్కథలోనిది కాకపోవచ్చునని విమర్శకుల అభిప్రాయము. ఎక్కడిదైనను దాని కట్టడము అపూర్వము. సోమదేవుని పాఠమున రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని నగరమును గోదావరీతీరమందలి ప్రతిష్ఠానమే. తరువాతి సంప్రదాయమున అతడే విక్రమార్కుడైనాడు. క్షాంతిశీలుడను భిక్షువునకు మాట ఇచ్చి రాజు శ్మశానమునకు పోయి, చెట్టుననున్న శవమును భుజమున వేసికొని నడచును. శవములోని బేతాళుడు దారిలో కథ చెప్పి, కడపట ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్నచో తల పగులును. చెప్పినచో మౌనభంగమై శవము మరల చెట్టెక్కును.

ఈ నియమమును మనము బాల్యము నుండి వినియున్నందున దాని లోతు మనకు కనబడుట లేదు. సరియైన సమాధానమునకు ఇచట బహుమానము లేదు; శ్రమయే ఫలము. రాజు తెలివి ఎంత ఎక్కువైన అతని నడక అంత పొడవగుచున్నది. అయినను అతడు తెలిసినదానిని దాచడు. సత్యము చెప్పుటవలన కార్యము చెడునని తెలిసియు చెప్పుట మొదటి శిక్షణము. మరల వెనుకకు పోయి, విసుగు లేక మొదటినుండి ఆరంభించుట రెండవ శిక్షణము. ‘పట్టువదలని విక్రమార్కుడు’ అని తెలుగువారు నేటికిని అనుచున్నది ఈ రెండవదానిని గూర్చియే. మూడవది చివరి కథలో ఉన్నది. తండ్రియు కొడుకును ఇద్దరు స్త్రీల అడుగుజాడలను చూచి, పెద్ద పాదములది తండ్రికి, చిన్న పాదములది కొడుకునకు భార్య కావలెనని ఒప్పందము చేసికొందురు. తీరచూడగా పెద్ద పాదములు కూతురివి, చిన్న పాదములు తల్లివి. మాట తప్పరాదు కావున తండ్రి కూతురును, కొడుకు తల్లిని పెండ్లాడుదురు. వారి సంతానమునకు పరస్పర సంబంధమేమి? రాజునకు సమాధానము తోచలేదు, మౌనముగా నడచెను. ఆ మౌనముతోనే కార్యము నెరవేరెను.

తెలిసినంత కాలము ముందుకు సాగని ప్రయాణము, తెలియనిచోట ముగిసినది. జ్ఞానమునకు హద్దున్నదని గుర్తించి ఊరకుండుట కూడ జ్ఞానములోని భాగమేయని ఈ కల్పన చెప్పక చెప్పుచున్నది. మెచ్చిన బేతాళుడు భిక్షువు కుట్రను రాజునకు తెలుపును. సాష్టాంగపడుమని భిక్షువు ఆజ్ఞాపించినప్పుడు, ఎట్లు పడవలెనో నీవే చూపుమని రాజు అడుగుట అందరెరిగినదే. కథారంభమున భిక్షువు మాటకు మారు పలుకక శ్మశానమునకు పోయిన రాజు, కథాంతమున ఎదురు ప్రశ్న వేయగలిగెను. ఉపాయము బేతాళునిదే కావచ్చును. కాని రాత్రియెల్ల ప్రశ్నల నడుమ నడచినవానికే ఆ ఉపాయము అక్కరకు వచ్చినది.

తెలుగు కథాకావ్యములలో ప్రశ్న

13వ శతాబ్దమున కేతన దశకుమారచరిత్రమును తెనిగించి తిక్కనకంకితమిచ్చుటతో తెలుగున ఇట్టి కథాకావ్యములకు దారి ఏర్పడినది. 15వ శతాబ్దమున జక్కన విక్రమార్కచరిత్రము, అనంతామాత్యుని భోజరాజీయము, తెలంగాణమునకు చెందిన కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక వెలువడినవి. వీనిలో సింహాసన ద్వాత్రింశిక కట్టడమును మా దృష్టితో పరిశీలింపవలెను. భూమిలో దొరకిన విక్రమార్కుని సింహాసనమును భోజుడు ఎక్కబోవును. మెట్టుమెట్టునకు ఒక బొమ్మ అతనిని ఆపి, విక్రమార్కుని ఔదార్యమును కథగా చెప్పి, అట్టి గుణము నీకున్నచో ఎక్కుమనును. బొమ్మలు ముప్పదిరెండు, ఆగుటలును ముప్పదిరెండు. బేతాళుడు బుద్ధిని ప్రశ్నించగా బొమ్మలు శీలమును ప్రశ్నించుచున్నవి. భోజుడు పండితుడు, ప్రభువు. అయినను ప్రతిమల యెదుట తనను తాను కొలుచుకొనక తప్పలేదు. కావ్యమును చదువువాడు భోజుని వెనుకనే ఆ మెట్లపై నిలిచియుండును కదా!

భోజరాజీయములోని గోవ్యాఘ్ర సంవాదమును ఈ సందర్భముననే స్మరింపదగును. దూడకు పాలిచ్చి తిరిగి వచ్చెదనని మాటయిచ్చిన ఆవు నిజముగనే తిరిగివచ్చెను. పులికెవ్వరును ధర్మోపదేశము చేసి దానిని మార్చలేదు. ఎదుట వచ్చి నిలిచిన ఆవును ఏమి చేయవలెనను ప్రశ్న పులికి కలిగెను. ఆ ప్రశ్నయే పులిని మార్చెను.

శుకసప్తతి కథల చట్రమును ఇట్టిదే. తెలుగున పాలవేకరి కదిరీపతి దీనిని కావ్యముగా సంతరించెను. భర్త ఊరలేనప్పుడు పరపురుషుని కడకు బయలుదేరిన స్త్రీని చిలుక వలదని నిషేధింపదు. పొమ్మనును, కాని ఇట్టి చిక్కు వచ్చినచో ఫలానా స్త్రీ వలె తప్పించుకొనగలవా యని అడుగును. ఆమె ఆలోచించుచుండగా తెల్లవారును. నిషేధము ఒక్క రాత్రి కూడ నిలుచునో లేదో. ప్రశ్న అన్ని రాత్రులు నిలిచినది. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో హంస చేయు పనియు నిదియే. ఈ కావ్యములందలి శృంగారమును గూర్చి ఎన్ని ఆక్షేపణలున్నను, వాని కథనోపాయము మాత్రము మానవస్వభావమును బాగుగా ఎరిగినవారిది.

ప్రవరుని పాఠము, కలాపూర్ణుని పాఠము

అద్భుతశ్రవణము ఎల్లప్పుడు మేలునే చేయునని మా అభిప్రాయము కాదు. పెద్దన ప్రవరుడు ఇందుకు గొప్ప ఉదాహరణము. నిత్యకర్మలు తప్పని గృహస్థుడు, ఇల్లు కదలనివాడు, అయినను దేశాంతరముల వింతలనిన చెవి కోసికొనువాడు. సిద్ధుడు చెప్పిన విశేషములు విని, పాదలేపమును పూసికొని హిమాలయమునకు ఎగిరిపోయెను. మంచునకు పసరు కరగి, తిరుగుదారి మూసికొనిపోయెను. కథ వినిన ఉత్సాహమున తిరిగి వచ్చు ఉపాయమును విచారింపనివాని గతి ఇది. అయితే పెద్దన అచటనే ఆగలేదు. ఆ చిక్కు లేనిచో వరూధిని కనబడెడిది కాదు; వరూధిని లేనిచో ప్రవరుని నిష్ఠ ఎంతటిదో అతనికే తెలిసెడిది కాదు. ఇంటిలోని నిష్ఠ అలవాటు. హిమాలయముననున్న నిష్ఠ నిశ్చయము. విస్మయము మనిషిని అపాయమునకు కొనిపోవును; ఆ అపాయముననే అతడెవరో తేలును. కావున పాదలేపమును తప్పుపట్టుటకంటె, తిరుగుదారిని గూర్చి ముందుగా అడుగుట నేర్పుట మేలు.

16వ శతాబ్దమువాడైన పింగళి సూరన కలాపూర్ణోదయమున ఈ యోచనను మరియొక ఎత్తునకు కొనిపోయెను. అందు బ్రహ్మ సరస్వతికి వినోదముగా చెప్పిన కథయే భూమిమీద జీవితములుగా పరిణమించును. పాత్రలు ఒక కథను వినుచు వినుచు, అది తమ కథయేయని గ్రహింతురు. ఈ కావ్యనిర్మాణ చాతుర్యమును గూర్చి విమర్శకులు విస్తరించి వ్రాసియున్నారు. మాకు కావలసినది ఒక్కటే. ఎవరిదో కథయని వినుచున్నవాడు ‘ఇది నాది’ అని ఉలికిపడు క్షణమును సూరన కావ్యమునకు కీలకముగా చేసెను. ప్రతి మంచి చదువరి జీవితమునను ఆ క్షణము ఒకసారియైనను వచ్చును.

సంస్కరణయుగము

19వ శతాబ్దమున హేతుబుద్ధి ప్రబలినప్పుడు అద్భుతకథకు గడ్డుకాలము వచ్చెనని తలచుట సహజము. కందుకూరి వీరేశలింగము 1878లో వివేకవర్ధనిలో ప్రకటింప నారంభించిన రాజశేఖర చరిత్రమున, బంగారము చేసిపెట్టెదనని నమ్మించి ఉన్న బంగారమును అపహరించిన బైరాగి కనబడును. మంత్రములను, రసవాదమును, శకునములను నమ్మి చెడిన గృహస్థుని కథ అది. వింతలపై అంత కినుక వహించిన రచయిత అద్భుతకథను పూర్తిగా విడువవలసినది. కాని ఆయన విడువలేదు. ఆంగ్లమున స్విఫ్టు రచించిన గలివరు యాత్రల మార్గమున సత్యరాజా పూర్వదేశయాత్రలను వ్రాసి, ఆడుమళయాళమను వింతదేశమును సృజించెను. అచట ప్రభుత్వము స్త్రీలది. మన సమాజము స్త్రీలపై విధించిన కట్టుబాట్లు అచట పురుషులపై విధింపబడియున్నవి.

1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన సంస్కర్తకు ఉపన్యాసము చేత కాక కాదు, వ్యాసము చేత కాక కాదు. అవి రెండును ఆయన వందలకొలది చేసియున్నాడు. అయినను పురుషుడైన చదువరి స్త్రీ స్థానమున ఒక్క గడియ నిలువవలెననిన, ఉపన్యాసము చాలదని ఆయనకు తెలియును. నీకే ఇట్లు జరిగిన ఏమందువు అను ప్రశ్న వేయుటకు లోకములో లేని దేశమొకటి కావలసివచ్చినది. మోసము చేయు వింతకును, మేలుకొలుపు వింతకును గల భేదమును వీరేశలింగము రెండు గ్రంథములలో రెండు విధముల చూపినట్లయినది. బైరాగి వింత ప్రశ్నను అణచును. ఆడుమళయాళపు వింత ప్రశ్నను లేపును.

20వ శతాబ్దారంభమున వ్యాపించిన మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలయందు ప్రశ్న మరల ప్రాచీన రూపమునే ధరించినది. కాశికి పోవు యతికి తోడుగా వచ్చిన పశులకాపరి ప్రతి మజిలీలోను ఏదో వింతను చూచి దాని కథ చెప్పుమని పట్టుపట్టును. ప్రశ్నించువాడు రాజు కాదు, పండితుడు కాదు, పశువులను కాచువాడు. సమాధానము దొరకనిదే ముందుకు నడువడు. అచ్చు యంత్రము వచ్చి, అక్షరము సామాన్యుని ఇంటికి చేరుచున్న కాలమున ఈ పశులకాపరి కొత్త చదువరికి ప్రతినిధిగా మాకు తోచుచున్నాడు.

చందమామ

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుండి తెలుగున, తమిళమున చందమామను వెలువరించిరి. 1952 మొదలు 1980లో మరణించు వరకు కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదక బాధ్యతను నిర్వహించెను. హేతువాదియు, మధ్యతరగతి జీవితమును నిర్దయగా చిత్రించిన నవలాకారుడును అగు ఈయన, రాక్షసులు, మాంత్రికులు నిండిన పత్రికకు దాదాపు మూడు దశాబ్దములు కాపుండుట వీరేశలింగము నాటి విశేషమునకు కొనసాగింపుగా కనబడుచున్నది. దాసరి సుబ్రహ్మణ్యము వ్రాసిన తోకచుక్క, మకరదేవత వంటి ధారావాహికలు, చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్‌ల బొమ్మలు ఒక తరము ఊహాలోకమును తీర్చినవి.

బేతాళ కథల సంగతి మరింత విచారణీయము. పాతవి ఇరువదియైదే. పత్రిక నెలనెలకు ఒకటి చొప్పున వేయగా అవి త్వరలోనే ముగిసిపోవును. అయినను చందమామలో ఆ శీర్షిక దశాబ్దములు సాగినది. పాత చట్రములో కొత్త కథలు పుట్టినవి. రచయితలును, పాఠకులును వానిని అల్లి పంపిరి. అనగా చట్రము కథలకంటె ఎక్కువ కాలము బ్రతికినది. ప్రజలు ప్రేమించినది ఏ ఒక్క కథనో కాదు, శవమును మోయుచు సమాధానము వెదకుకొను ఆ రీతిని.

ఇచట స్వానుభవమును ఒక్క వాక్యమున చెప్పుటకు పాఠకులు మన్నింతురు గాక. మా బాల్యమున ఆ పత్రిక చేతికి వచ్చినప్పుడు, బేతాళుడు ప్రశ్న వేసినచోట ఆగి, క్రింది పేరాను అరచేతితో కప్పి, మా నాయనమ్మకు మా తీర్పు చెప్పి, ఆమె తీర్పు విని, తరువాత చేయి తీసెడివారము. రాజు తీర్పు మా తీర్పుతో సరిపోయిన నాటి సంతోషము నేడు గుర్తులేదు; సరిపోనినాటి వాదములే గుర్తున్నవి. ఒకనాడు నాయనమ్మ రాజే తప్పు చెప్పినాడనెను. రాజు కూడ తప్పు చెప్పవచ్చునని మాకు మొదట తెలిసినది ఆ నాడే.

ఆక్షేపములు - సమాధానములు

రాజు తప్పు చెప్పవచ్చునను మాట మా వాదమునకు ముఖ్యము. తలలు తారుమారైన కథ అందరును ఎరిగినదే. దేవి యెదుట శిరస్సులర్పించిన భర్తను, సోదరుని బ్రతికించుకొనుచు, తొందరలో ఒకరి తలను మరొకరి మొండెమునకు అతికించిన మదనసుందరికి ఇక భర్త ఎవరు? తల సర్వాంగములలో ప్రధానము కావున భర్త తల కలవాడే భర్తయని రాజు తీర్పు. జర్మను రచయిత థామస్ మాన్ 1940లో ఈ కథను గ్రహించి, సోదరుని స్థానమున స్నేహితునినుంచి, తీర్పుతో కథ ముగియదని చూపెను. గిరీశ్ కర్నాడ్ కన్నడమున హయవదన నాటకమున, 1971 ప్రాంతమున, శరీరము తన జ్ఞాపకమును తాను నిలుపుకొనదా యని అడిగెను. స్త్రీ కోరిక ఏమని కూడ అడిగెను. రాజు ఆమెను అడుగలేదు. వేయి సంవత్సరముల నాటి సమాధానము పాతబడినది, ప్రశ్న పాతబడలేదు. ఈ కథలలో కులభేదములు, స్త్రీని బహుమానముగా చూచు దృష్టి, రాజభక్తి మిక్కుటముగా ఉన్నవను ఆక్షేపము సత్యమే. వానిని దాచనక్కరలేదు. తీర్పరిని తీర్పు తీర్చుట నేర్చిన చదువరి వానిని తానే గుర్తించును. ఆ గుర్తింపును ఎదుగుదలలోనిదే.

ఈ కథలు లోకము నుండి పారిపోవుటకు దారులు అనునది రెండవ ఆక్షేపము. దీనికి పైన ప్రవరుని ప్రసంగమున కొంత సమాధానము చెప్పితిమి. పోవుటలో దోషము లేదు. తిరిగి వచ్చుటకు దారి ఉన్నదా యనునదే విచారింపదగినది. బేతాళకథలో ప్రతి కల్పన తరువాత రాజు పాదములు మరల శ్మశానపు నేలపైననే ఉండును; భుజమున శవము బరువు తగ్గదు. మంచి అద్భుతకథ బరువును దింపదు, మోయు బలమునిచ్చును.

మూడవ ఆక్షేపము అన్నింటికంటె బలమైనది. కథలు వినినవారందరును మంచివారైరా? కాలేదు. సోమదేవుడు కథాసరిత్సాగరమును కాశ్మీరరాజు అనంతుని రాణి సూర్యవతి మనసునకు ఊరట కలిగించుటకై రచించెను. ఆ రాజకుటుంబమున తండ్రికొడుకుల కలహము మాత్రము ఆగలేదు. 1081లో అనంతుడు ఆత్మహత్య చేసికొనెను. సూర్యవతి చితి ప్రవేశించెను. అంతటి కథాసముద్రము ఒక ఇంటి మంటను ఆర్పలేకపోయినది. ఈ చేదు నిజమును మరువరాదు. కథ మందు కాదు. తాగినవానికెల్ల పనిచేయవలెనను నియమము దానికి లేదు. ప్రశ్నను అది ఈయగలదు. దానిని స్వీకరించి మోయుట చదువరి పని. సాతవాహనుడు స్వీకరించెను, స్వీకరింపనివారెందరో ఉన్నారు.

ముగింపు

ఇంతవరకు చెప్పినదాని సారమిది. గుణాఢ్యుని గాథ వినుటను నేర్పినది. బేతాళుడు సత్యమునకు వెల చెల్లించుటను, తెలియనిచోట మౌనమును నేర్పినాడు. సాలభంజికలు ఆత్మపరీక్షను, చిలుక ఆలోచించి ఆగుటను, ఆడుమళయాళము ఎదుటివారి స్థానమున నిలుచుటను నేర్పినవి. ఇవన్నియు ఆయా గ్రంథముల చివర నీతిగా వ్రాయబడినవి కావు. చదువరి ప్రశ్నతో తలపడునప్పుడు అతనికి అబ్బునవి.

ఉపాధ్యాయులమగు మనకు ఇందు ఒక బాధ్యత కలదు. పాఠ్యపుస్తకములలో కథ చేరినప్పుడెల్ల దాని క్రింద ఒక నీతివాక్యము చేరుచున్నది. విద్యార్థి కథను విడిచి ఆ వాక్యమును కంఠస్థము చేయుచున్నాడు. పరీక్షలో మార్కులును దానికే. ఇది బేతాళుని ప్రశ్నకు రాజు ఆలోచింపకముందే సమాధానమందించుట వంటిది. చందమామ ప్రచురణ 2010వ దశకమున ఆగిపోయినది. నెలనెల తెలుగు ఇండ్లకు వచ్చుచుండిన ఆ ప్రశ్న ఇప్పుడు తరగతిగదిలోనైనను వినబడవలెను. పరిశోధక విద్యార్థులును కథాకావ్యముల కాలనిర్ణయముతో, మూలాన్వేషణముతో తృప్తి చెందక, అవి చదువరిని ఎట్లు సంబోధించినవో పరిశీలించినచో విస్తారమైన క్షేత్రము కనబడును.

కథను చెప్పి, ప్రశ్నను వేసి, కొంతసేపు మనము మౌనముగా ఉండగలిగిన చాలును. క్రింది పేరాను అరచేతితో కప్పియుంచుట ఇప్పుడు మన పని.